సాక్షికి చూపించడం

2020 జూన్‌లో నాకు మళ్ళీ కోర్టు దొరికింది. దొరికింది అనే అంటాను. రెండేళ్ళుగా ఐర్లాండ్‌లోని నేవన్‌లో ఇంటిపట్టున ఉండి, నా భార్య సుగుణ ఆఫీసుకు పోతే వంట చేసి, కూతురు నిఖిల బడినుంచి వస్తే తలుపు తీస్తూ గడిపినవాణ్ణి. పొద్దున్నే లేచి బూట్లు పాలిష్ చేసుకోవడానికి ఒక కారణం దొరకడం నాకు చిన్న విషయం కాదు.

కరీంనగర్ జిల్లాలో ఇరవై రెండేళ్ళు పోలీసు ఉద్యోగం చేశాను. అందులో పద్నాలుగేళ్ళు కోర్టు డ్యూటీ. సుగుణకు డబ్లిన్ శివార్లలో, శాండీఫోర్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చినప్పుడు హెడ్ కానిస్టేబుల్‌గా స్వచ్ఛంద విరమణ తీసుకుని ఆమె వెంట ఐర్లాండ్ వచ్చాను. ఇక్కడ సెక్యూరిటీ లైసెన్సు సంపాదించాను గానీ సూపర్‌మార్కెట్ గుమ్మంలో నిలబడి టమాటాలకు కాపలా కాయడం నా వల్ల కాలేదు. నాలుగు రోజులు చేసి మానేశాను. కోవిడ్‌కు మూతపడ్డ కోర్టులు మెల్లగా తెరుచుకుంటున్నాయని, తలుపు దగ్గర జనాన్ని లెక్కపెట్టి పంపడానికి అదనంగా మనుషులు కావాలని ఏజెన్సీ ఫోన్ చేసినప్పుడు, జీతం ఎంతో కూడా అడగకుండా సరేనన్నాను.

"వాళ్ళు ఎదురు పైసలడిగినా పోయేటట్టున్నవ్," అంది సుగుణ. ఆమె అప్పటికే వంటింటి బల్లమీద లాప్‌టాప్ పెట్టుకుని మూడు నెలలుగా అక్కడినుంచే ఉద్యోగం చేస్తోంది.

పక్క ఊళ్ళో పాత రాతి భవనం ఆ కోర్టు. ముందు ఐదు మెట్లు. నా చేతిలో ఆ రోజు కేసుల లిస్టు ఉండేది. ఎవరొచ్చినా పేరడిగి, లిస్టులో చూసి, చేతికి శానిటైజర్ పోసి, మాస్కు ముక్కుమీదికి లాక్కోమని చెప్పి, వాళ్ళ టైము వచ్చేదాకా వానలోనో గాలిలోనో నిలబెట్టడం నా పని. వకీళ్ళు, గార్డులు కూడా నేను తలూపితేనే లోపలికి పోవాలి. గార్డులంటే ఇక్కడ పోలీసులు. కరీంనగర్‌లో ఎస్సై వస్తే లేచి నిలబడ్డ నేను, ఇక్కడ సార్జెంటును రెండు నిమిషాలు ఆగమన్నాను. అబద్ధమెందుకు, ఆ పూట అన్నం రుచిగా అనిపించింది.

మా ఇంట్లో ఇంకో మనిషి కూడా ఉండేది. పేరు సాహితి. గుంటూరు పిల్ల, డబ్లిన్‌లో ఎమ్మెస్సీ. డబ్లిన్ అద్దెలు భరించలేక మా ఇంటి చిన్న గదిలో దిగింది. చదువు ఆన్‌లైన్‌లో, సాయంత్రాలు మా ఊళ్ళోనే ఒక షాపులో పని. ఏప్రిల్లో ఒకరోజు పని ముగించుకుని వస్తుంటే ఎవడో ఎదురొచ్చి, కరోనా తెచ్చింది మీరేనని తిట్టి, రోడ్డుపక్క గోడకేసి తోసేశాడు. మణికట్టు విరిగింది. ఆసుపత్రినుంచి తెల్లటి కట్టుతో వచ్చిన పిల్లను చూసి సుగుణ ఏడ్చింది. నేను ఏడవలేదు. కంప్లయింటు ఇచ్చావా, ఎవరు రాసుకున్నారు, ఎన్ని గంటలకు, అని అడిగాను.

గార్డులు నెలరోజులకు ఒకణ్ణి పట్టుకున్నారు. ఒక షాపు కెమెరాలో ఆ సమయానికి అటు నడిచిన మనిషి ఉన్నాడు గానీ మొహం సరిగా పడలేదు. ఒడ్డూ పొడుగూ చూసి అనుమానం మీద తెచ్చారు. వాడు నేను కాదన్నాడు. గుర్తింపు పరేడ్ పెడదామంటే పదిమందిని ఒక గదిలో నిలబెట్టే రోజులు కావు. కాబట్టి సాహితి కోర్టులో వాణ్ణి చూసి 'ఇతనే' అంటేనే కేసు నిలుస్తుంది.

కట్టు విప్పాక కూడా సాహితి ఇల్లు కదల్లేదు. షాపు పని మానేసింది. చెత్తబుట్ట బయట పెట్టడానికి కూడా నిఖిలను తోడు తీసుకెళ్ళేది. ఒకసారి సుగుణ మెత్తగా అడిగితే చెప్పింది.

"నాకు వాడికి శిక్ష పడాలని కూడా లేదండి ఆంటీ. నువ్వు చెప్పింది నిజమేనమ్మా అని కోర్టు ఒక్కసారి అనాలి. అప్పుడు మళ్ళీ రోడ్డు మీద నడుస్తాను."

ఆ మాట నా మనసులో పడిపోయింది. ఈ పిల్ల సాక్ష్యం బోల్తా పడకూడదు అనుకున్నాను.

సెప్టెంబరు చివర్లో విచారణకు వాయిదా ఇచ్చారు, అదీ నేను నిలబడే కోర్టులోనే. ఆ సంగతి నా సూపర్‌వైజరుకు చెప్పాలి. మా ఇంట్లో ఉండే పిల్ల కేసు అంటే ఆ రోజు నన్ను ఇంకోచోటికి పంపేవాడు. చెప్పలేదు. నేనుంటే ఆమెకు ధైర్యంగా ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను.

వారం ముందునుంచి రాత్రి భోజనాలయ్యాక వంటింటి బల్ల దగ్గర తయారీ మొదలుపెట్టాను. సుగుణ సాహితి పక్కన. నేను ముద్దాయి వకీలు. పదకొండేళ్ళ నిఖిల జడ్జి, సుగుణ నల్ల శాలువా కప్పుకుని.

"ఆ రోజు వాని మొహం నువ్వు మంచిగ చూసినవా?" అన్నాను.

"చూశాననే అనుకుంటున్నానండి."

"అనుకుంటున్నా అనద్దు బిడ్డా. చూసినా అను. అనుకుంటున్నా అన్నవంటే వకీలు నిన్ను ఆడికాడికే పట్టుకుంటడు."

"చూశాను. కానీ అంకుల్, వాడికి స్కార్ఫ్ ఉంది కదా, గడ్డం కప్పేసి..."

"స్కార్ఫ్ సంగతి వాళ్ళడిగితే చెప్పు. నీ అంతల నువ్వు చెప్పకు."

జడ్జిగారు శాలువా సర్దుకుంటూ తన ఐరిష్ ఇంగ్లీషులో కల్పించుకుంది. "డాడీ, గుర్తులేకపోతే గుర్తులేదని చెప్పొచ్చు కదా. అదేం తప్పు కాదు, దట్స్ గ్రాండ్, లైక్."

"జడ్జి మధ్యల మాట్లాడద్దు," అన్నాను. అందరం నవ్వాం. సాహితి కూడా నవ్వింది, చాలా రోజుల తర్వాత.

ఇక్కడ మా పని సంగతి ఒకటి చెప్పాలి. మా దగ్గర కోర్టు కానిస్టేబుల్ అంటే సమన్లు అందించేవాడు మాత్రమే కాదు. సాక్షిని బస్సెక్కించి తెచ్చి, క్యాంటీన్లో చాయ్ తాగించి, రెండేళ్ళ కింద అతను ఇచ్చిన వాఙ్మూలం అతనికే చదివి వినిపించేవాడు. చివరగా, లోపలికి పిలవడానికి ముందు, వరండాలో నిలబెట్టి ముద్దాయిని చూపించేవాడు. వాడే, ఎర్రంగీ వేసుకున్నోడు, మరిచిపోకు. ప్రాసిక్యూటరు గారు ఫైలు విప్పుతూ అడిగేది కూడా అదే: "సాక్షికి చూపించినవా?" చూపించిన సార్ అంటే నిశ్చింతగా కుర్చీలో వెనక్కి వాలేవారు. దాన్ని మేమెవరం తప్పనుకోలేదు. పనిలో పని అది, పెన్నుకు సిరా పోయడం లాంటిది. నా కోర్టులో సాక్షులు ఎదురు తిరగడం తక్కువని ఎస్పీ గారి చేతిమీదుగా ప్రశంసాపత్రం కూడా అందుకున్నాను.

వాయిదా రోజు సన్నగా వాన. పది గంటలకు ఒక పొడుగాటి మనిషి మెట్లెక్కి వచ్చి పేరు చెప్పాడు. లిస్టులో చూశాను. వాడే. నీలం జాకెట్టు, కళ్ళకింది వరకూ మాస్కు. శానిటైజర్ పోస్తుంటే చేతులు వణికాయి, సగం మెట్లమీదే కారిపోయింది. తప్పు చేసినవాడి చేతులు ఇలాగే ఉంటాయి అనుకున్నాను. లోపల కారిడార్‌లో బెంచీల మధ్య రెండు మీటర్ల దూరం. వాడు కిటికీ దగ్గర కూర్చున్నాడు.

పది ఇరవైకి సాహితి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. ఆమెను కారిడార్‌లో ఆ చివర బెంచీ మీద కూర్చోబెట్టి, దూరం సరిచూస్తున్నట్టు వంగి, తెలుగులో మెల్లగా అన్నాను.

"కిటికీకాడ నీలం జాకెట్. చూసినవా?"

ఆమె చూసింది. కాసేపు చూసింది. "మాస్కు ఉంది కదండీ."

"లోపల తీపిస్తరు. ఆయనే. భయపడకు."

"ఇలా ముందే చూడొచ్చా అంకుల్?"

"అందరు చూస్తరు బిడ్డా. ఇది మామూలే."

అంతే. నిమిషం కూడా పట్టలేదు. నా జాగాకు వచ్చి నిలబడ్డాను. మనసు తేలికగా ఉంది. చాలా రోజులకు నా పని నేను చేసినట్టనిపించింది.

పదకొండున్నరకు కోర్టు హాలు తలుపు దగ్గర మనిషి టీకి వెళ్తే నన్ను అక్కడ నిలబెట్టారు. అలా మొత్తం విన్నాను. జడ్జి నడివయసు ఆవిడ, ముందు గాజుపలక. గార్డుల తరఫున మహిళా సార్జెంటు అడుగుతోంది. సాహితి జవాబులు శుభ్రంగా వచ్చాయి. తేదీ, సమయం, గోడ, చెయ్యి. ముద్దాయిని మాస్కు తీయమన్నారు. నిన్ను తోసిన మనిషి ఈ గదిలో ఉన్నాడా అంటే, ఉన్నాడని వేలు చూపింది. తడబడలేదు. నా ఛాతీ పొంగింది.

తర్వాత ముద్దాయి వకీలు లేచాడు. బక్కపలచని ముసలాయన. గొంతు పెంచలేదు, బెదిరించలేదు. నేను నేర్పిన ప్రశ్నల్లో ఒక్కటీ అడగలేదు.

"ఏప్రిల్ తర్వాత నా క్లయింటును మీరు మొదటిసారి ఎప్పుడు చూశారు?"

"ఈరోజు," అంది సాహితి.

"ఈ గదిలోకి వచ్చాకేనా?"

"కాదండి. బయట కారిడార్‌లో."

"మాస్కు వేసుకుని ఉన్నారు కదా. ఆయనే అని ఎలా తెలిసింది?"

"మా అంకుల్ చూపించారు," అంది. దాచాల్సిందేమీ లేని గొంతు అది. మామూలే అని నేనే చెప్పాను మరి.

సార్జెంటు రాస్తున్న పెన్ను ఆపి తలెత్తింది. జడ్జి ముందుకు వంగింది. "మీ అంకుల్ ఎవరమ్మా?"

సాహితి వెనక్కి తిరిగి తలుపు వైపు చెయ్యెత్తింది. నాకు మాస్కు ఉంది, టోపీ ఉంది, అయినా ఆమెకు రవ్వంత అనుమానం లేదు. గదిలో ఉన్న తొమ్మిదిమందీ నావైపు తిరిగారు. జడ్జి నా మెడలోని కార్డు వైపు చూసింది.

ఆ తర్వాత పదినిమిషాలు పట్టలేదు. జడ్జి నన్ను రెండే ప్రశ్నలడిగింది. ఆ మనిషిని ఈమెకు చూపించింది నిజమేనా? ఎందుకు చూపించారు? మొదటిదానికి నిజమేనన్నాను. రెండోదానికి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాను. సార్జెంటు లేచి, గుర్తింపు తప్ప తన దగ్గర వేరే సాక్ష్యం లేదంది. జడ్జి కేసు కొట్టేసింది. సాహితి వైపు తిరిగి, ఇందులో నీ తప్పేమీ లేదంది. ఆ పిల్లకు అది వినబడినట్టు లేదు. విరిగి అతికిన మణికట్టును రెండో చేత్తో పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

తలుపు తీయాల్సింది నేనే. ఆ మనిషి నా ముందునుంచే బయటికి పోయాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. మెట్లమీద ఒక ముసలావిడ గొడుగుతో ఎదురుచూస్తోంది. ఆమె భుజమ్మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గెలిచి ఏడుస్తున్నాడా, చెయ్యని పనికి ఐదు నెలలు నింద మోసి ఏడుస్తున్నాడా, నేను పోల్చుకోలేకపోయాను.

మధ్యాహ్నానికి నా కార్డు తీసేసుకున్నారు. రెండు రోజులకు ఒక యువ గార్డు ఇంటికొచ్చి, తోటలోనే దూరంగా నిలబడి నా వాఙ్మూలం రాసుకున్నాడు. అది తప్పని తెలియదా అని అడిగాడు. మా దగ్గర అది పని అన్నాను. అతను ఆ మాట అలాగే రాసి, నాకు చదివి వినిపించి, ఏమైనా మార్చాలా అని అడిగాడు. వందలమంది వాఙ్మూలాలు రాసినవాణ్ణి, ఎవరినీ ఆ ప్రశ్న అడిగిన గుర్తు లేదు. మార్చడానికేం లేదని సంతకం పెట్టాను. తర్వాత నామీద ఏ కేసూ పెట్టలేదు. లైసెన్సు మాత్రం పోయింది.

ఇంట్లో ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. సుగుణ అన్నం పెట్టేది, పనిలో కూర్చునేది. నిఖిల నల్ల శాలువా మడిచి అల్మారాలో, అట్టడుగున పెట్టేసింది. సాహితి తన గదిలోనే తినేది.

అక్టోబరులో మళ్ళీ అన్నీ మూసేస్తారని, ఐదు కిలోమీటర్లు దాటి పోనివ్వరని వార్తలొచ్చాయి. ఆ లోపలే సాహితి కార్క్‌లో ఉన్న స్నేహితురాలి దగ్గరికి వెళ్ళిపోతానంది. వెళ్ళే పొద్దున రెండు పెట్టెలు హాల్లో పెట్టుకుని, బూట్లు తొడుక్కుని, టాక్సీ కోసం చూస్తూ నిలబడింది. నేను మెట్ల దగ్గర ఉన్నాను. సుగుణ వంటింటి గుమ్మంలో.

"అంకుల్, ఒకటి అడగొచ్చాండీ?"

"అడుగు బిడ్డా."

"నన్ను తోసింది ఆయనేనా?"

"ఆయనే," అన్నాను. ఆలోచించకుండానే వచ్చేసింది.

"మీకెలా తెలుసండి?"

ఎలా తెలుసు? ఏప్రిల్లో ఆ రోడ్డుమీద నేను లేను. కెమెరా బొమ్మ నేను చూడలేదు. పొద్దున వచ్చి పేరు చెప్పాడు.

"లిస్టుల పేరున్నది," అన్నాను.

"అంతేనా?"

"అంతే."

ఆమె కోపంగా చూడలేదు. తల దించుకుని మాస్కు తాడు సర్దుకుంది. "మీరు అన్నేళ్ళు పోలీసు కదా, తెలిసే చూపించారనుకున్నాను. నేను ఆయన్ని చూసి చెప్పలేదండి, మీ మాట మీద చెప్పాను. ఏప్రిల్ నుంచీ ఆ మొహం రోజూ కళ్ళముందుకొచ్చేది. ఎంత భయమేసినా, ఉండేది. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే కిటికీ దగ్గర కూర్చున్నాయనే కనపడుతున్నాడు. అసలాయన మొహం పోయింది. ఇంక రోడ్డుమీద ఎదురుపడినా నాకు తెలియదు."

టాక్సీ హారన్ వినపడింది. నేను పెట్టెలు అందుకోబోతే వద్దని రెండూ తనే లాక్కుంటూ వెళ్ళింది. సుగుణ వెంట వెళ్ళి, అంటుకోకూడని రోజులైనా ఆ పిల్లను పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

తిరిగొచ్చి తలుపు వేసి దానికే ఆనుకుని నిలబడింది సుగుణ.

"అక్కడ కూడ గిట్లనే చూపించేటోనివా?"

"అందరు గట్లనే చేసేటోళ్ళు సుగుణా."

"అందరి సంగతి అడుగుతలేను. ఆటో మల్లేశ్ యాదికున్నడా? గొలుసు దొంగతనం కేసు. మూడేండ్లు పడ్డది."

నాకు కేసు నంబరు గుర్తొచ్చింది. గొలుసు పోయిన టీచరమ్మను వరండాలో నిలబెట్టి, తెల్ల గీతల చొక్కా అని నేను చెప్పడం గుర్తొచ్చింది. ఆమె అడ్డంగా తలూపి, హెల్మెట్ ఉండె కద సార్ అనడం కూడా గుర్తొచ్చింది.

"నువ్వే చూపించినవా?"

"ఆఁ."

"ఆయనేనా?"

సాహితికి ఆలోచించకుండా చెప్పినవాణ్ణి, సుగుణకు చెప్పలేకపోయాను. "నాకు తెల్వదు," అన్నాను. ఆ మాట నా నోట విని నేనే అదిరిపోయాను.

సుగుణ మెల్లగా కిందికి జారి, చాప మీద, బూట్ల పక్కన కూర్చుంది.

"శిక్ష పడ్డ మర్నాడు ఆయన భార్య మన ఇంటికొచ్చింది. నీకు చెప్పలే. చంకల పిల్ల. 'ఆ పూట మా ఆయన ఇంట్లనే పండుకోనుండె అక్కా, ఎవ్వరడుగలే మమ్ముల, సార్‌కు ఒక్క మాట చెప్పు' అని నా కాళ్ళు పట్టుకున్నది. నువ్వు లోపల అన్నం తింటున్నవ్. నీ పని నీకు తెలుసు, నీదాకా ఎందుకు తేవాలె అనుకున్న. తలుపేసింది నేను."

వంటింట్లో ఆమె లాప్‌టాప్ మోగడం మొదలైంది. తొమ్మిదిన్నర మీటింగు. మోగి మోగి ఆగిపోయింది, మళ్ళీ మోగింది. ఆమె లేవలేదు. నేనూ ఆ చాప మీదే, ఆమె పక్కన కూర్చున్నాను.